ఎదుగని బాలుని ధారపోసిన దాత : సర్ జేమ్స్ బ్యారీ

భూమిని దానమిచ్చిన రాజులు మన రాతిశాసనములలో వందలకొలది కలరు. ఊరికి నాలుగు ఎల్లలు చెప్పి, నిధినిక్షేపములతో, జలపాషాణములతో, సూర్యచంద్రులున్నంతవరకు అనుభవింపుమని నీరు విడిచిన అగ్రహారములు కృష్ణా గోదావరీ తీరములయందు పేరునకైనను నేటికి మిగిలియున్నవి. నేలయు గాక, బంగారమును గాక, తన ఊహలో పుట్టిన యొక బాలుని ధారపోసిన దాత మాత్రము లోకమున అరుదు. ఆ దాత స్కాట్లండు దేశీయుడగు సర్ జేమ్స్ మాథ్యూ బ్యారీ. ఆ బాలుడు పీటర్ పాన్. పుచ్చుకొన్నది లండను నగరమున గ్రేట్ ఆర్మండ్ వీధిలోని రోగపీడితులైన పిల్లల వైద్యశాల. ఈ మూటికిని పొత్తు కుదిరిన విధము తెలియవలెనన్నచో బ్యారీ ఆరేండ్ల వయస్సునాటికి పోవలెను.

బ్యారీ 1860వ సంవత్సరము మే నెల 9వ తేదీన కిర్రిమ్యూర్ అను చిన్న పట్టణమున జన్మించెను. మన చీరాల, మంగళగిరులవలె అదియు మగ్గములకు పేరుపడిన ఊరు. తండ్రి డేవిడ్ బ్యారీ నారబట్టలు నేయు సాలెవాడు. క్రింది గదిలో మగ్గము, పైగదులలో కాపురము. పదిమంది సంతానములో జేమ్స్ తొమ్మిదవవాడు. ఇంటి వెలుపల బట్టలుదుకుటకు చిన్న గది యొకటి యుండెను. ఆ గదియే ఆ పిల్లవాని మొదటి నాటకశాల. తల్లి మార్గరెట్ ఓగిల్వీ కథలు చెప్పుటయందు నేర్పరి. స్కాట్లండునందు పెండ్లియైన స్త్రీని పుట్టింటి పేరుతోనే పిలుచు ఆచారము కలదు గనుక, కుమారుడు పిమ్మట ఆమెనుగూర్చి వ్రాసిన గ్రంథమునకు ఆ పేరే పెట్టెను.

ఆమెకు పంచప్రాణములైన కుమారుడు జేమ్స్ కాడు. అతని అన్న డేవిడ్. పొడగరి, అందగాడు, చదువరి. 1867 జనవరిలో డేవిడ్ మంచుగడ్డపై జారుచు ఆడుచుండగా క్రిందపడి తలకు దెబ్బ తగిలి మరణించెను. మరునాడు అతనికి పదునాలుగేండ్లు నిండవలసియుండెను. తల్లి మంచము పట్టెను. ఆరేండ్ల జేమ్స్ తల్లి గదిలోనికి పోయినప్పుడు, వచ్చినది చనిపోయినవాడేమో యని ఆమె చీకటిలో ఆశపడెనట. అంతట ఆ పసివాడు అన్నబట్టలు తొడిగి, అన్నవలె చేతులు జేబులలో నుంచుకొని, అన్నవలె ఈలవేయుచు ఆమె ఎదుట నిలిచెను. తల్లిని బ్రదికించుకొనుటకు బిడ్డ ఆడిన నాటకమది. దాని ఫలమేమైనదో ఊహించుకొనవచ్చును.

కొన్నాళ్లకు ఆమె తనకు తానే యొక ఓదార్పు వెదకికొనెను. మిగిలిన కొడుకులు పెరిగి పెద్దవారై తనను విడిచిపోవుదురు. డేవిడ్ మాత్రము ఎప్పటికిని పదమూడేండ్ల పిల్లవాడుగనే యుండును. మనకు మార్కండేయుని కథ తెలియును. యముని పాశము తప్పించుకొని అతడు నిత్యము పదునారేండ్లవాడై నిలిచెను. అది మృత్యువును గెలిచిన బాల్యము. డేవిడ్ బాల్యము మృత్యువు చేతులలో నిలిచిపోయిన బాల్యము. ఈ భేదము ఆరేండ్ల జేమ్స్ మనస్సులో ఎంతవరకు నాటెనో చెప్పలేము గాని, ముప్పదియేడేండ్లకు పిమ్మట రంగస్థలముమీద ఎగిరివచ్చిన ఎదుగని బాలుని పుట్టిల్లు ఆ తల్లి పడుకొన్న చీకటిగదియే. బ్యారీ తానును పొడవు పెరుగలేదు. ఎత్తు అయిదడుగుల మూడంగుళములు మాత్రమే.

చదువు సంగతి వేగముగ చెప్పవచ్చును. డంఫ్రీస్‌లో పాఠశాల, ఎడింబరో విశ్వవిద్యాలయమున 1882లో ఎం.ఏ. పట్టము, నాటింగ్‌హాములో ఒక పత్రికకు వ్యాసములు వ్రాయు కొలువు. 1885లో లండను చేరెను. తల్లి నోట విన్న పాతకాలపు కిర్రిమ్యూర్ ముచ్చటలను కథలుగా వ్రాసి పేరు తెచ్చుకొనెను. నాటకములు వ్రాసి ధనము గడించెను. 1894లో మేరీ ఆన్సెల్ అను నటిని వివాహమాడెను. సంతానము కలుగలేదు, కాపురము నిలువలేదు, 1909లో విడాకులతో ముగిసెను. ఆయన మితభాషి, పొగగొట్టము నోటనుండి తీయడు, ఒక్కొక్కప్పుడు గంటలకొలది పలుకక కూర్చుండును. పెద్దలతో పొసగని ఈ మనిషి పిల్లల నడుమ మాత్రము మరియొకడైపోవును.

లండనులో తొలినాళ్లయందు ఆయన అద్దెకుండిన గది గ్రేట్ ఆర్మండ్ వీధి వైద్యశాలకు సమీపముననే యుండెను. ఆ వైద్యశాల కథయు కొంత చెప్పవలసియున్నది. 1852కు పూర్వము పిల్లలను చేర్చుకొని మంచమిచ్చి వైద్యముచేయు ప్రత్యేక వైద్యశాల ఇంగ్లండులో ఒకటియు లేకుండెను. చార్లెస్ వెస్ట్ అను వైద్యుడు పలువురను ఆశ్రయించి, చందాలు కూర్చి, ఆ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన ఒక పాత ఇంటిలో పది మంచములతో దానిని తెరచెను. పేదల బిడ్డలకొరకు పుట్టిన సంస్థ గనుక రోగులవలన రాబడి లేదు. ప్రతి మంచమునకు, ప్రతి మందుసీసాకు, దాదుల జీతములకు దాతల చేతివైపే చూడవలెను. 1858లో డబ్బు చాలక వైద్యశాల ఇరుకున పడినప్పుడు చార్లెస్ డికెన్స్ ఒక విందులో నిలిచి మాటలాడగా ఆ ఒక్క రాత్రి మూడువేల పౌన్లకు పైగా పోగయ్యెను. రచయితలకును ఆ వైద్యశాలకును ఋణానుబంధము అప్పటినుండియే కలదని చెప్పవచ్చును. అయినను విందులో వచ్చిన ధనము ఖర్చుకాక యుండదు. చందాల పుస్తకము చంకబెట్టుకొని ఏ సంస్థనైనను నడపినవారికి ఈ బాధ తెలియును: ఏటికేడు మరల మొదటి గడపనుండియే ఎక్కవలెను.

1897లో కెన్సింగ్టన్ తోటలో తన పెద్ద కుక్కను వెంటబెట్టుకొని తిరుగుచుండగా బ్యారీకి లూయెలిన్ డేవిస్ వారి పిల్లలతో పరిచయమయ్యెను. జార్జి, జాక్, చంకబిడ్డడైన పీటర్. పిమ్మట మైకేల్, నికో అని మరి ఇద్దరు పుట్టిరి. వారికి చెప్పిన కథలనుండియే పీటర్ పాన్ పుట్టెను. ఆ నాటకమున వెండీ అను బాలిక కలదు. ఆ పేరునకు మూలము హెన్లీ అను కవి కుమార్తె. నోరుతిరుగని ఆ పసిది బ్యారీని స్నేహితుడని పిలువబోయి ముద్దుగా పలికిన మాటయే పేరుగా మారెను. ఆమె ఆరవయేడు నిండకమునుపే 1894లో కన్నుమూసెను. ఈ విధముగా పిల్లలనందరను నవ్వించు ఆ నాటకమునందు అకాలమున పోయిన పిల్లలు ఇరువురు కనబడక నిలిచియున్నారు.

1904 డిసెంబరు 27న లండను డ్యూక్ ఆఫ్ యార్క్ నాటకశాలలో తొలి ప్రదర్శనము జరిగెను. టింకర్ బెల్ అను చిరుదేవత విషము త్రాగి ప్రాణములు విడుచుచుండగా, దేవతలున్నారని నమ్మువారు చప్పట్లు కొట్టుడని పీటర్ సభనే వేడుకొనును. ఎవరును కొట్టనిచో ఏమి గతియని బ్యారీ భయపడి, వాద్యములు వాయించువారిని ముందే సిద్ధపరచియుంచెను. ఆ జాగ్రత్త అక్కరలేకపోయెను. పెద్దలు పిల్లలు నాటకశాల మారుమ్రోగునట్లు చప్పట్లు కొట్టిరి. మరియొక ముచ్చట. నాటకము చూచిన పిల్లలు ఇంటికిపోయి మంచములమీదనుండి ఎగురబోయి దెబ్బలు తగిలించుకొని వైద్యులపాలగుచుండిరి. తల్లిదండ్రులు మొరపెట్టగా, దేవతల ధూళి మీద చల్లిననేగాని ఎవ్వరును ఎగురజాలరను నియమమును బ్యారీ పిమ్మట చేర్చెను. ఆ నాటకము ఏటేట క్రిస్మసు దినములలో ఆడుట లండనులో ఆచారమైపోయెను. దానివలన వచ్చిన ఆదాయము సామాన్యము కాదు.

ఇంతలో డేవిస్ వారి ఇంట కష్టములు ప్రవేశించెను. తండ్రి ఆర్థరునకు దవడలో రాచపుండు పుట్టెను. శస్త్రచికిత్సలో దవడయు అంగిలియు తీసివేయగా ఆయన మాట పోయి, చెప్పదలచినది కాగితముపై వ్రాసి చూపవలసివచ్చెను. మొదట ఈ బ్యారీ తన పిల్లలతో ఇంతగా కలిసి తిరుగుట ఆర్థరునకు అంతగా రుచింపలేదు. ఆ రోగశయ్యయొద్దనే వారిరువురకు నిజమైన మైత్రి కుదిరెను. బ్యారీ గంటలకొలది ప్రక్కన కూర్చుండెను. ఖర్చులు తాను వహించెను. 1907లో ఆర్థర్, 1910లో తల్లి సిల్వియా మరణించిరి. పదునేడేండ్ల పెద్దవానినుండి ఆరేండ్ల చిన్నవానివరకు అయిదుగురు మగపిల్లల భారము బ్యారీమీద పడెను. ఒక ఇంటిలోనికి పెద్దరోగము వచ్చినచో పడకమీద నున్నవాడొక్కడే రోగి కాడనియు, ఇల్లంతయు రోగియే యనియు ఆ మూడేండ్లలో ఆయన కన్నులారా చూచెను.

పిమ్మట యుద్ధము వచ్చెను. 1915 మార్చిలో జార్జి ఫ్లాండర్సు యుద్ధరంగమున మరణించెను. ఆ కాలముననే ఫ్రాన్సులో యుద్ధమువలన ఇండ్లు కోల్పోయిన తల్లులకును పిల్లలకును ఏర్పడిన యొక ఆశ్రయమునకు బ్యారీ ధనసహాయము చేసెను. 1921లో ఆయనకు మిక్కిలి ప్రియుడగు మైకేల్ ఆక్స్‌ఫర్డ్ చెంత నీటిలో మునిగి పోయెను. అతనికి ఇరువదియొకటవ యేడు నిండుటకు ఇంకను నెలదినములుండెను. ఆ వార్త విన్న పిమ్మట బ్యారీ మునుపటి మనిషి కాలేదు. బిరుదములు వచ్చెను, విశ్వవిద్యాలయములు పిలిచి గౌరవించెను, వానివలన లాభమేమి?

1929వ సంవత్సరము వచ్చెను. గ్రేట్ ఆర్మండ్ వీధి వైద్యశాల ఇరుకైపోయెను. చేరువనే అనాథశిశువుల ఆశ్రమము నగరము వెలుపలికి తరలిపోగా దాని విశాలమైన స్థలము అమ్మకమునకు వచ్చెను. దానిని కొనుటకు చందాలు ప్రోగుచేయు సంఘములో సభ్యులుగా నుండుడని పెద్దలు బ్యారీని కోరిరి. ఆయన ఒప్పుకొనలేదు. సంఘములలో కూర్చుండుట తన చేత కాదనియు, మరియొక విధముగా తోడ్పడు మార్గము దొరకునేమో చూతుననియు తెలియజేసెను. ఇట్టి మాటలు చెప్పి తప్పించుకొనువారిని వైద్యశాలవారు అనేకులను చూచియుందురు. రెండు నెలలు గడచెను. పీటర్ పాన్‌పై తనకు గల సర్వహక్కులను వైద్యశాలకు ఇచ్చివేయుచున్నట్లు బ్యారీ వారికి తెలియజేసెను. అడిగినది చందా, వచ్చినది గ్రంథస్వామ్యము.

ఈ దానము స్వరూపమును కొంచెము నిదానించి చూడవలెను. ధనికుడు వేయి పౌన్లిచ్చిన అది ఆ యేటి ఖర్చులో కరిగిపోవును. తోటను ఇచ్చినవాడు చెట్టునిచ్చినట్లు. కాయ ప్రతియేట కాయును. ఎక్కడ ఆ నాటకము ఆడినను, ఎవరు ఆ పుస్తకము కొనినను, వచ్చెడి హక్కుభాగము రోగులైన పిల్లల ఖాతాలో జమ పడును. అమ్ముటకు వీలైన సొత్తును అమ్మి, పైకము తాను ఉంచుకొనుట ఆయనకు కష్టము కాదు. బ్యారీ అప్పటికి మిక్కిలి ధనవంతుడు, ఈ దానమువలన ఆయనకు పూటగడవని స్థితి కలుగలేదన్నదియు నిజమే. తనకు లేక యిచ్చిన రంతిదేవునితో ఆయనను పోల్చుట తగదు. అయినను ఆయన సొత్తులన్నిటిలో డేవిడ్ జ్ఞాపకము, జార్జి మైకేలుల బాల్యము కలిసియున్న సొత్తు ఇదియొక్కటే. మిగిలిన నాటకములలో నొకదాని నిచ్చియు పేరు పొందవచ్చును. ఇచ్చినది దీనిని.

ఆ సంవత్సరము డిసెంబరులో బ్యారీ సూచన ననుసరించి నాటకమాడు నటులు వైద్యశాలకే వచ్చి, పిల్లల పడకగది ఘట్టమును మంచములమీది రోగులయెదుట ప్రదర్శించిరి. ఆ ఘట్టమున నానా యను కుక్క దాదియై పిల్లలకు స్నానము చేయించును, మందు పట్టును. మందు త్రాగుటలో ధైర్యము చూపవలెనని కుమారునకు బోధించిన తండ్రి తన మందు తాను త్రాగక ఎగవేయును. చేదుమందులతో దినములు గడుపు ఆ సభాసదులకంటె ఈ హాస్యము నెరిగినవారు మరి యెవ్వరు? మరుసటి యేడు ఒక విందులో బ్యారీ తన దానమును వేడుకగా మాటలలో దాటవేసెను. పీటర్ పాన్ ఒకప్పుడు ఆ వైద్యశాలలోనే రోగిగా నుండెననియు, తనచేత ఆ చిన్నపని చేయించినవాడు అతడేననియు చెప్పి నవ్వించెను.

ఒక షరతు మాత్రము కోరెను. పీటర్ పాన్‌వలన ఎంత సొమ్ము వచ్చినదో బయటపెట్టరాదు. వైద్యశాలవారు ఆ కోరికను నేటివరకు పాటించుచున్నారు. దాత పేరు గోడపై పలకలో చెక్కించి, దానిక్రింద రూపాయలుకూడ చెక్కించిననేగాని విరాళము పూర్తి కాదనుకొను లోకములో ఇది వింతయైన షరతు. ఎంత యని ఎవ్వరికిని తెలియకపోవుటచేత, చాలునను మాటయు ఎవ్వరును అనజాలకపోయిరి. తక్కువయను మాటయు అనజాలకపోయిరి.

ఈ కథకు వెలుగునందని పార్శ్వమొకటి కలదు. పీటర్ పాన్ పేరు ఏ పిల్లవానినుండి వచ్చెనో, ఆ పీటర్ లూయెలిన్ డేవిస్‌కు అది జీవితమంతయు మోయరాని బరువయ్యెను. పాఠశాలలో తోటివారి ఎగతాళి. పెద్దవాడై యుద్ధమున పరాక్రమము చూపి పతకము పొందినను, పుస్తకప్రచురణలో పేరు తెచ్చుకొన్నను, పత్రికలవారు అతనిని ఆ నాటకపు పేరుతోనే పిలిచిరి. బ్యారీ వీలునామాలో ఆస్తియందు అధికభాగము ఆయన కార్యదర్శిని సింథియా ఆస్క్విత్‌కు చెందెను. పీటర్ 1960లో ఆత్మహత్య చేసికొనెను. ముఖమెరుగని వేలకొలది బిడ్డలకు ఊరట కలిగించిన పేరు, ఆ పేరుగల బిడ్డకు కలిగింపలేదు. దాత గొప్పతనము చెప్పునపుడు ఈ లెక్కను ఎత్తివేయుట న్యాయము కాదు.

బ్యారీ 1937 జూన్ 19న లండనులో మరణించెను. ప్రముఖులను ఖననముచేయు వెస్ట్‌మినిస్టరులో గాక, కిర్రిమ్యూర్ కొండమీది శ్మశానమున, తల్లిదండ్రుల ప్రక్కన, అన్న డేవిడ్ ప్రక్కన ఆయనను పూడ్చిరి. వీలునామాలో వైద్యశాలకిచ్చిన దానమును మరల స్థిరపరచెను. 1948లో బ్రిటను దేశమున వైద్యము ప్రభుత్వబాధ్యతయయ్యెను. అంతటితో దాతల అవసరము తీరునని తలచినవారు కలరు. తీరలేదు. కొత్త కట్టడములకు, పరిశోధనలకు, విలువైన యంత్రములకు, సర్కారు పద్దులో చోటులేని అనేకమైన అక్కరలకు దానధనము కావలసియే యుండెను.

అన్ని మాన్యములకు గండమున్నట్లు దీనికిని గండము వచ్చెను. గ్రంథస్వామ్యమునకు గడువు కలదు. ఆనాటి బ్రిటిషు చట్టము ప్రకారము అది రచయిత మరణానంతరము 50 సంవత్సరములు. బ్యారీ మరణించిన యేబదియవ యేడు, అనగా 1987 డిసెంబరు 31 తేదీతో, పీటర్ పాన్ ఎవ్వరైనను ఉచితముగ ఆడదగిన కథ కావలసియుండెను. అప్పుడు మాజీ ప్రధాని జేమ్స్ కాలహన్ ప్రభువుల సభలో లేచెను. ఆయన భార్య ఆడ్రీ ఆ వైద్యశాల పాలనలో చిరకాలము పనిచేసిన మహిళ. 1988లో వచ్చిన గ్రంథస్వామ్య చట్టమునకు ఆయన యొక సవరణ కోరగా సభలు అంగీకరించెను. దాని ప్రకారము బ్రిటనులో ఆ నాటకము ఆడినను, పుస్తకముగ అచ్చువేసినను, ప్రసారము చేసినను, ఆ వైద్యశాలకు హక్కుభాగము కాలపరిమితి లేక ఈయవలెను. ఒక్క రచనకొరకు, ఒక్క సంస్థకొరకు ఇట్లు గడువు తీసివేసిన చట్టము మరియొకటి ఆ దేశమున లేదు. ఆచంద్రతారార్కమని మనవారు రాతిపై చెక్కించిన మాటను ఆ దేశపు సభలు చట్టములో వ్రాసినవని చెప్పవచ్చును.

అయితే హద్దులు గూడ స్పష్టముగ చెప్పవలెను. ఈ శాశ్వతాధికారము సొమ్ము పుచ్చుకొనుటకే; కథను ఎట్లు మార్చవలెనో మార్చరాదో శాసించుటకు కాదు. బ్రిటను దాటిన దీనికి చెల్లుబడి లేదు. ఐరోపా దేశములు గడువును 70 సంవత్సరములకు పెంచినందున అక్కడ 1996నుండి 2007 చివరివరకు పూర్తి గ్రంథస్వామ్యము మరల జీవించి, ముగిసెను. అమెరికాలో, 1928లో అచ్చైన నాటకపాఠముపై హక్కు 2023 చివరితో తీరిపోయెను. దూరపు పొలములు ఒక్కొక్కటిగ చేజారినను ఇంటిదగ్గరి పొలము మిగిలినట్లయ్యెను.

మరియొక మార్పును చెప్పక విడువరాదు. పూర్వము ఇంగ్లండు వైద్యశాలలలో బిడ్డను చేర్చిన తల్లి వెంటనే వెడలిపోవలెను. మరల చూచుటకు నిర్ణీతమైన దినములు, నిర్ణీతమైన గంటలు. తల్లిని చూచి బిడ్డ ఏడ్చునను భయమే దీనికి కారణము. జబ్బుబిడ్డ మంచము క్రిందనే చాపవేసికొని పడుకొను మన తల్లులకు ఇది వినుటకే వింతగ తోచును. 1959లో ప్రభుత్వము నియమించిన ప్లాట్ సంఘము తల్లిదండ్రులను అడ్డులేక రానీయవలెనని సలహా చెప్పిన పిమ్మట ఆ పద్ధతి క్రమముగ మారెను. నేడు ఆ వైద్యశాలకు సంబంధించిన ధర్మసంస్థ దూరదేశములనుండి వచ్చిన తల్లిదండ్రులు బిడ్డకు చేరువలో నిలుచుటకు బసలను ఏర్పరచుచున్నది. పిల్లల వ్యాధులపై పరిశోధనచేయు ఇతర సంస్థలకును గ్రాంటులు మంజూరుచేయుచున్నది. పీటర్ పాన్ సొమ్ము అందులో ఎంతయో చెప్పరు.

వైద్యశాల ద్వారమునొద్ద 2000వ సంవత్సరమున పీటర్ పాన్ కంచువిగ్రహము నెలకొల్పిరి. అయిదేండ్ల పిమ్మట చప్పట్లతో బ్రదికిన టింకర్ బెల్‌ను తెచ్చి అతని చేతియందు నిలిపిరి. లోనికి పోవు పిల్లలకు మొదట కనబడువారు వారిరువురే.